‘తెలుసా?’ బాక్సులో తెగిన రెండు లైన్లు

మా శాలిబండ గల్లీలో ఒక అమ్మాయికి ఈమధ్య ఉద్యోగం వచ్చింది. సెల్‌ఫోన్లో ముప్ఫై సెకన్ల వీడియోలు చెయ్యడం ఆ ఉద్యోగం. “మీకు తెలుసా? వింటే షాకవుతారు!” అని మొదలుపెట్టి, చరిత్రలోంచో సైన్సులోంచో వంటింట్లోంచో ఒక వింత లాగి, చివర్న లైక్ కొట్టమని బతిమాలుతుంది. నేను ముప్ఫై రెండేళ్ళు ఒక తెలుగు దినపత్రికలో ఇంచుమించు అదే పని చేశానని ఎవరో చెప్పారట. సలహాల కోసం వచ్చింది.

“ఆంటీ, మీ టైమ్‌ల గిన్ని ఫ్యాక్ట్స్ ఎక్కడికెల్లి తెస్తుండిరి?” అని అడిగింది.

ఏదో చెప్పి పంపించేశాను. నిలబడి చెప్పే జవాబు కాదది. ఆ పిల్లా, ఆ పనిలోకే దిగుతున్న మిగతా పిల్లలూ చదువుకుంటారని ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. ముందే చెబుతున్నా, ఈ పని మీద నాకు పెద్ద గౌరవం లేదు. చేసినవాళ్ళ మీద అంతకన్నా తక్కువ. ఆ చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

జాగా నింపే విద్య

మా ఆఫీసు అఫ్జల్‌గంజ్‌లో ఒక మసాలా దినుసుల గోదాము పైన రెండో అంతస్తులో ఉండేది. కింద మిర్చి బస్తా దించితే పైన సంపాదకీయం రాసేవాళ్ళు తుమ్మేవారు. నేను ఆదివారం అనుబంధంలో సబ్ ఎడిటర్ని. పగటి పని. నాకు అప్పగించింది ‘తెలుసా?’ అనే చిన్న బాక్సు.

పాఠకులు ఆ బాక్సుని చూసి, లోపలెవరో పండితులు కూర్చుని ప్రపంచాన్ని జల్లెడ పట్టి వింతలు ఏరుతున్నారని అనుకునేవారు. అసలు సంగతి వినండి. పేజీలో వ్యాసం పెట్టాక, ప్రకటన పెట్టాక, కథ పెట్టాక, ఎక్కడో ఒక మూల ఖాళీ మిగిలేది. పేజీలు పెట్టే మల్లేశం కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే అరిచేవాడు: “మేడమ్, ఆరు లైన్లు కావాలె!” నేను ఆరు లైన్ల జ్ఞానం ఇచ్చేదాన్ని. ఇంకో వారం “పది లైన్లు” అంటే పది లైన్ల జ్ఞానం. ఆక్టోపస్‌కి మూడు గుండెలని ప్రజలకు తెలియాలన్న తపన మా ఆఫీసులో ఎవరికీ ఉండేది కాదు. ఆ వారం ఏ చీరల దుకాణంవాళ్ళ ప్రకటనో కాస్త పెద్దదైతే ఆక్టోపస్ రెండు గుండెలతోనే సర్దుకోవలసి వచ్చేది.

సరుకు ఎక్కడిదంటారా? కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంగ్లిష్ పత్రికలు, అట్టలూడిన విజ్ఞానసర్వస్వాలు, పాఠకులు పంపిన కార్డులు. మొదటి రెండేళ్ళు నేను వాటిని కళ్ళు మూసుకుని తెలుగు చేశాను. ఒంటె మూపురంలో నీళ్ళుంటాయని రాశాను. అందులో ఉండేది కొవ్వు. చనిపోయాక కూడా మనిషి గోళ్ళు పెరుగుతాయని రాశాను. పెరగవు. చర్మం ముడుచుకుని గోళ్ళు పెరిగినట్టు కనబడతాయి, అంతే. చంద్రుడి మీంచి చూస్తే చైనా గోడ కనిపిస్తుందని రెండుసార్లు రాశాను, రెండోసారి బొమ్మతో సహా. ఒక్క పాఠకుడు కూడా ఇది తప్పని రాయలేదు. బాగుందని మాత్రం బోలెడు ఉత్తరాలు వచ్చాయి.

పరాంకుశంగారి పరీక్ష

మా అనుబంధం ఇన్‌ఛార్జి పరాంకుశంగారు. తెల్లటి సఫారీ, జేబులో మూడు పెన్నులు. ఆ మూడింటిలో దేనితోనూ ఆయన ఏమీ రాయగా నేను చూడలేదు. ఆయన దగ్గర నిజానిజాలకు ఒక పరీక్ష ఉండేది. నేను రాసిన ముక్క తీసుకుని, అప్పుడే గ్లాసులు పెడుతున్న చాయ్‌వాలా ముందు గట్టిగా చదివేవారు. చాయ్‌వాలా నోరు తెరిస్తే ఐటమ్ పాస్. తెరవకపోతే ఫెయిల్.

“పాఠకుడు నోరెళ్ళబెట్టాలె విమలమ్మా,” అనేవారు. “మొదటి లైన్లనే వెట్టాలె. నీ అయితేలు, గియితేలు ఉంటే కింద రాస్కో.”

నేను ఒకసారి ధైర్యం చేసి అడిగాను, “సార్, ఇది నిజమో కాదో ఒక ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి కనుక్కోనా?” అని.

“ఏంది కనుక్కునేది? అచ్చుల పడ్డంక అదే నిజమైతది,” అన్నారు. ఆయన హాస్యమాడలేదు. నిజంగానే అలా నమ్మేవారు. అలాంటి పెద్దమనిషి కింద పాతికేళ్ళకు పైగా పనిచేశాను, గంగిరెద్దులా తలూపుతూ. ఆయన ‘అయితే’ కింద రాసుకోమన్న ఆ ఒక్క మాటే తరవాత నా కొంప ముంచింది. అప్పుడు మాత్రం నాకది పెద్ద కిటుకులా తోచి, కొత్తగా చేరిన వాళ్ళకు నేర్పాను కూడా.

ఖాసిం భాయ్ నమ్మింది, నమ్మనిది

మెల్లగా నాకు సిగ్గు పుట్టి, సొంతంగా కనుక్కుని రాయడం మొదలుపెట్టాను. పరాంకుశంగారికి చెప్పకుండా ఫోన్లు చేసేదాన్ని. అప్పుడు తెలిసింది అసలు చోద్యం.

ఒక వారం, మిరపకాయ మన దేశపుది కాదు, పోర్చుగీసువాళ్ళు సముద్రం దాటించి తెచ్చారు, అంతకుముందు మనవాళ్ళు కారానికి మిరియాలు వాడేవారు అని రాశాను. నికార్సయిన నిజం. సోమవారం పొద్దున్నే కింది గోదాము యజమాని ఖాసిం భాయ్ పేపరు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

“క్యా లిఖే అమ్మా గిది? మా దాదా మిర్చి అమ్మిండు. ఆయన దాదా మిర్చి అమ్మిండు. బయటికెల్లి ఎట్లొస్తది మిర్చి?”

“నిజమే భాయ్. బంగాళాదుంప కూడా బయటిదే.”

“ఆలుగడ్డ తీస్కపో, నాకు ఫికర్ లేదు. మిర్చి మాది.”

తరవాతి నెలలో పరాంకుశంగారు ఏడాదికోసారి వేయించే ఐటమ్ వచ్చింది. చార్మినార్ నుంచి గోల్కొండ దాకా భూమి లోపల సొరంగం ఉందనే ముక్క. నేను వద్దన్నా వేయించారు. ఆ సోమవారం ఖాసిం భాయ్ మిఠాయి డబ్బాతో వచ్చాడు.

“గిది సచ్, అమ్మా. మా దాదాకు ఎరికైన మనిషి అండ్ల దిగి పోయిండు.”

“మళ్ళీ బయటికి వచ్చాడా భాయ్?”

“పోయినోడు వాపస్ వస్తే అది సురంగ్ ఎట్లయితది?”

నవ్వకండి. ఖాసిం భాయ్‌ది వెర్రి కాదు. తన తాతకు గౌరవం తెచ్చేదాన్ని నమ్మాడు, తగ్గించేదాన్ని నమ్మలేదు. చదువుకున్నవాళ్ళు చేసేదీ అదే. కాకపోతే వాళ్ళు మిఠాయి తేరు, కింద నాలుగు ఇంగ్లిష్ మాటలు తగిలించి పది గ్రూపులకు పంపిస్తారు. నిజం రాస్తే తిట్లు, గాలికబుర్లు రాస్తే మిఠాయి. ఈ పనిలో ఇదే జీతం అనుకోండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా రాసిన ముక్క

ఇక నేను చేసిన ఘనకార్యం చెబుతాను. పదేళ్ళ కిందటి మాట. వానాకాలం. మూసీ పొంగి కిషన్‌బాగ్ వైపు ఇళ్ళలోకి నీళ్ళు, నీళ్ళతో పాటు పాములు వచ్చాయని వార్తలు. సందర్భానికి తగ్గట్టు పాముల మీద ఒక ఐటమ్ అనుకున్నాను. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాను. బహదూర్‌పురాలో ఉండే, పాములతోనే ఉద్యోగమంతా గడిపిన ఒక పెద్దాయన్ని ఇంటికి వెళ్ళి కలిశాను. ఒక డాక్టర్ని ఫోన్లో రెండుసార్లు విసిగించాను. ఎనిమిది లైన్లు రాశాను.

“పాము కరిచిన ప్రతిసారీ విషం ఎక్కుతుందనుకోవడం పొరపాటు. విషసర్పాలు సైతం కొన్నిసార్లు కోరలు దించి కూడా విషం వదలవు. వీటిని ఉత్త కాట్లు అంటారు...” అని ఆరు లైన్లు. చివరి రెండు లైన్లు ఇవి: “అయితే ఏది ఉత్త కాటో చూసి చెప్పడం మనవల్ల కాదు. ఏ పాము కరిచినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళవలసిందే.”

ఆ శుక్రవారం ప్రకటన ఒకటి పెద్దదయింది. నా ముక్కలో రెండు లైన్లకు పేజీలో చోటు చాల్లేదు. మల్లేశం అలవాటు ప్రకారం కింద నుంచి కోశాడు. పేపరు పనిలో అదే ఆచారం. ముఖ్యమైనది పైన ఉంటుంది కాబట్టి తోక కోస్తే నష్టం లేదని లెక్క.

మల్లేశాన్ని అనడానికి లేదు. మొదట్లో అతను ప్రతిసారీ నన్ను అడిగేవాడు. “ఊకె నన్ను పిలవకు మల్లేశం, ఎక్కువైతే కింద నుంచి కోసెయ్,” అని చిరాకుపడి చెప్పింది నేనే. నోరెళ్ళబెట్టే లైను పైన పెట్టి, ప్రాణం కాపాడే లైను తోకలో పెట్టింది కూడా నేనే. అలా పెట్టమన్నది పరాంకుశంగారు. ముగ్గురం కలిసి ఎవరికీ ఏమీ తెలియకుండా ఆ పని పూర్తి చేశాం. ఆదివారం పేపరు చూశాకే నాకు తెలిసింది. సోమవారం సవరణ వేద్దామంటే, “ఆరు లైన్ల ముక్కకు సవరణా? మనమే మనల్ని బద్నాం చేసుకునుడు ఎందుకు?” అని పరాంకుశంగారు కొట్టిపారేశారు. నేను కూడా పట్టుబట్టలేదు. పేపర్లో చూసి పాము కాటుకు వైద్యం చేసుకునేవాళ్ళెవరుంటారులే అనుకున్నాను.

దావీదు అడిగిన ప్రశ్న

పదిహేను రోజుల తరవాత, పొద్దున పదకొండింటికి ఒక మనిషి నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. బస్సు డిపో మెకానిక్ ఖాకీ, గోళ్ళలో గ్రీజు. చేతిలో ఒక పొడుగు నోట్‌బుక్.

“తెలుసా రాసేది మీరేనా మేడమ్? నా పేరు దావీదు. కిషన్‌బాగ్ల ఉంట.”

నోట్‌బుక్ తెరిచాడు. పేజీ పేజీకీ నా బాక్సులు. కత్తెరతో తిన్నగా కోసి, అన్నం మెతుకులతో అంటించినవి. పక్కన పెన్సిల్‌తో తేదీలు. ముప్ఫై రెండేళ్ళలో నా రాతల్ని దాచుకున్న మనిషిని చూడటం అదే మొదలు, అదే ఆఖరు. దాచడమెందుకు, ఆ క్షణాన నాకు చాలా గర్వమేసింది. అతను ఎందుకొచ్చాడో ఇంకా చెప్పలేదు మరి.

చివరి పేజీలో పాముల ముక్క చూపించాడు. వారం కిందట పొద్దున ఆరింటికి, అతని భార్య సుగుణమ్మ తడి బట్టల కుప్ప తీస్తుంటే చేతి మీద ఏదో చురుక్కుమంది. కుప్పలోంచి సన్నటి నల్లపాము జారిపోయింది. చేతి మీద రెండు చుక్కలు. వాపు లేదు, నొప్పి లేదు. ఆమె ఆసుపత్రికి పోదామంది. దావీదు నోట్‌బుక్ తెచ్చి చదివి వినిపించాడు.

“ఫికర్ పడకు, అన్ని కాట్లకు విషం ఎక్కదట, పేపర్ల ఉన్నది అని చెప్పిన మేడమ్. గంటన్నర ఆగినం. ఆమె రెప్పలు వాలబట్టినయి. మాట ముద్దైంది. అప్పుడు ఆటోల ఏస్కొని ఉరికిన.”

సుగుణమ్మ ఆ రోజుకు ఇంకా వెంటిలేటర్ మీదే ఉంది. ఎందుకు ఆలస్యం చేశారని డాక్టర్లు తిట్టారు. అతన్ని పీక్కు తింటున్నది వాళ్ళు కాదు.

“మా బావ ఉన్నడు మేడమ్, సుగుణ సొంత అన్న. మా ఎదురిల్లే. కాయితం సదివి నా చెల్లెను సంపిండని బస్తీల అందరికీ చెప్తుండు. ఆయనకు జవాబు చెప్పాలె నేను.” అతను వేలితో ఆ ముక్క అడుగు అంచుని తడిమాడు. “గీ దాని కింద ఇంకేమన్న ఉండెనా? కోసేటప్పుడు నా కత్తెరల పోయిందేమో అని డౌటు. ఉంటే చెప్పుండ్రి.”

తన కత్తెర మీద అనుమానపడుతున్నాడు ఆ మనిషి. ఏ కత్తెరో నాకు తెలుసు. ఎనిమిది లైన్ల ప్రింటు నా సొరుగులోనే ఉంది. తీసి చేతిలో పెడితే, అతను అటునుంచి అటే వెళ్ళి బావ ముందు పెట్టేవాడు. తప్పు పేపరుదని తేలేది. మల్లేశం కాంట్రాక్టు పోయేది, నా మీద విచారణ వచ్చేది. పరాంకుశంగారు తన గది గుమ్మంలో నిలబడి అంతా విని, నావైపు చూసి తల అడ్డంగా ఊపారు.

“పేపర్లో అంతే ఉంది,” అన్నాను.

అక్షరం అక్షరం నిజం. ప్రింటైనది అంతే. నా ఉద్యోగమంతా నేర్చుకున్న విద్య ఆ ఒక్క వాక్యంలో చూపించాను.

“అంటే నా సమఝే తప్పు,” అన్నాడు దావీదు. నోట్‌బుక్ మూశాడు. “టైమ్ తీస్కున్న మేడమ్, ఏమనుకోకుండ్రి.” ఆ మాట అని మెట్లు దిగిపోయాడు.

నాలుగు రోజుల తరవాత మల్లేశం ఆసుపత్రికి వెళ్ళి కనుక్కుని వచ్చాడు. “బతికింది మేడమ్, లేసి కూసుంది,” అన్నాడు. నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. బతికింది కదా, ఇక దాని గురించి ఏముంది అనుకున్నాను. ఆ ఆదివారం తేనె పాడవదని ఆరు లైన్లు రాశాను.

పని నేర్చుకునేవాళ్ళకు

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. మనుషులు మీ వింతల్ని నవ్వుకుని వదిలేస్తారని అనుకోకండి. ఎక్కడో ఒకరు వాటిని నమ్మి, అవసరమొచ్చినప్పుడు తీసి చదువుకుంటారు. ‘అయితే’ అనే మాట పైన పెట్టండి. అది పెడితే వింత చప్పబడిపోతుందంటే ఆ వింత మానెయ్యండి. నోరు తెరిచే పరీక్ష పెట్టే పై అధికారి దొరికితే వేరే ఉద్యోగం చూసుకోండి. నేను చూసుకోలేదు, ఆయన రిటైరయ్యాక ఆయన కుర్చీలోనే కూర్చున్నాను. తప్పు చేస్తే సవరణ వెయ్యండి. దానివల్ల పరువు పోదు. పోయేంత పరువు ఈ పనికి ఎప్పుడూ లేదు.

కిషన్‌బాగ్ గల్లీలో

రిటైరై మూడేళ్ళయింది. ఆఫీసు నుంచి నేను ఇంటికి తెచ్చుకున్న కాగితం ఆ ఎనిమిది లైన్ల ప్రింటు ఒక్కటే. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ ఆ మూడేళ్ళూ గడిపాను. మోకాళ్ళ నొప్పి అన్నాను, ఎండ అన్నాను. చేతికి పెన్షన్ వస్తోంది, భయపడటానికి ఏ పరాంకుశమూ లేడు. అయినా వెళ్ళలేదు. ఒట్టి పిరికితనం. పోయిన నెల వానల్లో, ఆ వీడియోల అమ్మాయి పాము కాటు మీద ముప్ఫై సెకన్లు చేసి నాకు చూపించింది. అందులో కూడా ‘అయితే’ లేదు. మర్నాడే ఆటో ఎక్కాను.

కిషన్‌బాగ్‌లో కిరాణా దుకాణం అతన్ని అడిగాను, డిపోలో పనిచేసిన దావీదు ఇల్లెక్కడ అని.

“ఏ దావీదు? పేపర్ దావీదా?” అని నవ్వాడు. “పెండ్లానికి పాము కరిస్తే పేపర్ సదివినోడు గదా! చర్చి ఎనక గల్లీ.”

పదేళ్ళ తరవాత కూడా ఆ పేరు అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. వెనక్కి తిరిగి ఆటో ఎక్కేద్దామా అనిపించింది.

తలుపు తీసింది సుగుణమ్మ. గొంతులో గొట్టం పెట్టినందుకేమో, మాట బొంగురుగా ఉంది. లోపల దావీదు మంచం మీద కూర్చుని ఉన్నాడు, జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు. నేను కూర్చోకుండానే కాగితం ఇచ్చాను.

కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. మొదటి ఆరు లైన్లూ అతనికి కంఠతా వచ్చు. చివరి రెండు లైన్ల దగ్గర ఆగాడు. మళ్ళీ చదివాడు.

“ఇవి నేను కోసినయి కాదా?”

“కాదు. మా ఆఫీసుల కోసినయి.”

“మీకు గా రోజు ఎరికేనా?”

“ఎరికే దావీదన్నా. భయపడ్డ. నౌకరి పోతదని భయపడ్డ.”

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. అతను కాగితం భార్య చేతికిచ్చి, గుమ్మంలోంచి ఎదురింటి వైపు చూశాడు. ఆ ఇంటికి తాళం వేసి ఉంది.

“బావ ఉన్నప్పుడు తేవాలె మేడమ్,” అన్నాడు. “మా ఇంట్ల మంచినీళ్ళు తాగలే ఆయన, ఆఖరిదాక. దమ్ము ఎక్కువై ఊపిరాడకుంటే నేనే బండి మీద దవాఖానకు తీస్కపోయిన. ఎనక కూసోని గూడ అడిగిండు, పేపర్ సూసుకున్నవా దావీదూ, పోవచ్చునా అని. రెండు రోజులకు పోయిండు.”

నాకు ఏడుపొచ్చింది. అక్కడ ఏడ్చే హక్కు నాకు లేదని ఆపుకున్నాను. సుగుణమ్మ చేతిలోని కాగితం వైపు, నా వైపు చూసింది.

“మీరు ఎప్పుడు రిటైరైండ్రు మేడమ్?”

“మూడేండ్లాయె,” అన్నాను.

“అన్న పోయి ఏడాదే అయితుంది,” అంది. కాగితం మడిచి అరలో ఉన్న ఆ పాత నోట్‌బుక్‌లో పెట్టి, నాకు చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.